పడవ ఇంజను ఎగ్జాస్ట్ మానిఫోల్డు

పడవ ఇంజను ఎగ్జాస్ట్ మానిఫోల్డు అనునది ఇంజనులోని సిలిండర్లన్నింటి నుండి వెలువడే వేడి పొగను ఒకచోట చేర్చి, పొగగొట్టంలోనికి పంపే పోత ఇనుప భాగం. లారీ, ట్రాక్టరు ఇంజనులలో కూడా ఈ భాగం ఉంటుంది. అయితే పడవలలో దీని చుట్టూ నీరు ప్రవహించే ఏర్పాటు తరచుగా ఉంటుంది. అందువలన వేడి, పొగ, ఉప్పునీరు మూడూ ఒకే లోహపు గోడకు ఇరువైపులా పనిచేస్తాయి. సముద్రంలో తిరిగే మరపడవలలో త్వరగా పాడయ్యే భాగాలలో ఇది ఒకటి. దీనిని సకాలంలో పరిశీలించకపోతే ఇంజనులోనికి నీరు చేరడం, ఇంజను గదిలో నిప్పు పుట్టడం, విషవాయువు వ్యాపించడం వంటి ప్రమాదాలు కలుగుతాయి. ఈ వ్యాసంలో గుంటూరు, ప్రకాశం ప్రాంతపు తీరంలోని చేపల పడవలను ఉదాహరణగా తీసుకొని, ఈ భాగం పనితీరు, నిర్వహణ మరియు మార్చే విధానం వివరించబడినవి.

నేపథ్యం

గుంటూరు, ప్రకాశం మైదానాలు పత్తికి, మిరపకు పేరు పొందినవి. ఈ మైదానాలకు తూర్పున బంగాళాఖాతం ఉన్నది. ఈ తీరంలో నిజాంపట్నం, వాడరేవు, కొత్తపట్నం ముఖ్యమైన చేపల వేట కేంద్రాలు. వీటిలో నిజాంపట్నం పూర్వం గుంటూరు జిల్లాలోను, చీరాల దగ్గరి వాడరేవు ప్రకాశం జిల్లాలోను ఉండేవి. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఈ రెండూ బాపట్ల జిల్లాలో చేరినవి. కొత్తపట్నం ప్రకాశం జిల్లాలోనే ఉన్నది.

నిజాంపట్నం పాత రేవు. గ్లోబ్ అనే ఓడలో వచ్చిన ఆంగ్లేయ వర్తకులు 1611లో ఇక్కడ దిగారు. ఆనాటి ఓడలు గాలిచాపల మీద నడిచేవి. ఇప్పుడు ఇక్కడి రేవులో నిలిచే మరపడవలు డీజిల్ ఇంజనుతో నడుస్తాయి. వాడరేవు వంటి ఇసుక తీరాలలో ఒడ్డుకు లాగే ఫైబరు పడవలు ఎక్కువ. వీటికి వెనుక భాగాన బిగించే చిన్న అవుట్‌బోర్డు మోటార్లు ఉంటాయి. అవుట్‌బోర్డు మోటారులో పొగ మార్గం మోటారు కాలులోనే కలిసి ఉండి, పొగ నీటిలోనికి పోతుంది. కాబట్టి ఈ వ్యాసంలో చెప్పిన మానిఫోల్డు ప్రధానంగా పడవ లోపల ఇంజను గది ఉన్న మరపడవలకు సంబంధించినది.

ఈ ప్రాంతంలోనే మంచినీటిలో తిరిగే పడవలు కూడా ఉన్నవి. నాగార్జునసాగర్ జలాశయంలో విజయపురి సౌత్ నుండి నాగార్జునకొండకు వెళ్ళే లాంచీలు ఇందుకు ఉదాహరణ. ఒకే రకపు ఇంజను సాగర్ లాంచీలోను, నిజాంపట్నం బోటులోను ఉన్నా, మానిఫోల్డు ఆయుర్దాయం రెండింటిలో ఒకే విధంగా ఉండదు. ఇందుకు కారణం క్రింద వివరించబడినది.

పని తీరు

మిరప, పత్తి చేలకు నీరు తోడే ఒంటి సిలిండరు ఆయిల్ ఇంజనును చూచినవారికి పొగగొట్టం నేరుగా ఇంజనుకు బిగించి ఉండడం తెలిసినదే. సిలిండరు ఒక్కటే కాబట్టి అక్కడ మానిఫోల్డు అవసరం లేదు. మరపడవలో నాలుగు లేదా ఆరు సిలిండర్ల ఇంజను ఉంటుంది. ప్రతి సిలిండరుకు పొగ వెలువడే రంధ్రం ఒకటి ఉంటుంది. ఈ రంధ్రాలన్నింటినీ కలుపుతూ సిలిండరు హెడ్డు ప్రక్కన బిగించిన పొడవాటి పెట్టె వంటి భాగమే మానిఫోల్డు. దీనికి, హెడ్డుకు మధ్య గాస్కెట్లు ఉంటాయి. స్టడ్డులు, నట్ల ద్వారా ఇది హెడ్డుకు బిగించబడి ఉంటుంది. టర్బోచార్జరు ఉన్న ఇంజనులో పొగ మానిఫోల్డు నుండి ముందుగా టర్బోకు, అక్కడి నుండి పొగగొట్టానికి పోతుంది.

ఇంజను పూర్తి బరువు లాగుతున్నప్పుడు డీజిల్ పొగ ఉష్ణోగ్రత సాధారణంగా 400 నుండి 600 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది. లారీలో ఈ వేడిని ఎదురుగాలి కొంతవరకు తీసుకొనిపోతుంది. పడవ ఇంజను మూసిన గదిలో ఉంటుంది. చుట్టూ చెక్క లేదా ఫైబరు, ప్రక్కనే డీజిల్ ట్యాంకు ఉంటాయి. వేడి మీద డీజిల్ తనంతట తాను అంటుకొనే ఉష్ణోగ్రత సుమారు 210 నుండి 250 డిగ్రీలు. అందువలన పెద్ద ఓడలలో 220 డిగ్రీలు దాటే ఉపరితలాలను వేడి తగలకుండా కప్పి ఉంచాలని అంతర్జాతీయ నియమం ఉన్నది. చిన్న పడవలకు ఆ నియమం వర్తించకపోయినా, ఆ నియమం వెనుక ఉన్న కారణం వర్తిస్తుంది.

వేడికి లోహం వ్యాకోచించడం మరొక ముఖ్య విషయం. పోత ఇనుము ఒక డిగ్రీ వేడికి ప్రతి మీటరుకు సుమారు 0.0105 మి.మీ. పెరుగుతుంది. ఒక మీటరు పొడవున్న మానిఫోల్డు 400 డిగ్రీలు వేడెక్కితే సుమారు 4 మి.మీ. పొడవు పెరుగుతుంది. దాని వెనుక ఉన్న సిలిండరు హెడ్డు నీటితో చల్లబడుతూ ఉండడం వలన అంతగా పెరగదు. ఈ తేడాను తట్టుకొనుటకే మానిఫోల్డు రంధ్రాలు స్టడ్డుల కంటె కొంచెం పెద్దవిగా ఉంటాయి. చివరి స్టడ్డులు తరచుగా తెగిపోవడానికి కారణం కూడా ఈ వ్యాకోచమే.

రకాలు

పడవలలో వాడే మానిఫోల్డులు మూడు విధాలు.

పొడి మానిఫోల్డు: దీని చుట్టూ నీరు ఉండదు. భూమి మీద వాడే ఇంజనులను పడవకు అనువుగా మార్చినప్పుడు ఇది తరచుగా కనబడుతుంది. దీని నుండి పొగగొట్టం నిలువుగా పైకి లేచి, డెక్కు మీదుగా గాలిలోనికి పోతుంది. తయారీ తేలిక, వెల తక్కువ. కాని ఉపరితలం చాలా వేడిగా ఉంటుంది కాబట్టి మానిఫోల్డుకు, గొట్టానికి వేడి తగలని కప్పు తప్పనిసరి.

సముద్రపు నీటితో చల్లబడే మానిఫోల్డు: ఇది రెండు గోడల పెట్టె. లోపలి గదిలో పొగ, బయటి గదిలో పంపు తోడిన సముద్రపు నీరు ప్రవహిస్తాయి. ఉపరితలం చేతితో తాకగలిగేంత చల్లగా ఉండవచ్చు. అయితే ఉప్పునీరు నేరుగా పోత ఇనుమును తాకుతుంది. త్వరగా పాడయ్యేది ఈ రకమే.

మంచినీటితో చల్లబడే మానిఫోల్డు: ఇందులో ఇంజనులో తిరిగే మంచినీరు లేదా కూలెంటు మానిఫోల్డులో కూడా తిరుగుతుంది. ఆ నీటి వేడిని హీట్ ఎక్స్ఛేంజరు ద్వారా గాని, పడవ అడుగున ఉండే గొట్టాల ద్వారా గాని సముద్రపు నీటికి వదలివేస్తారు. ఉప్పునీరు మానిఫోల్డును తాకదు కాబట్టి దీని ఆయుర్దాయం ఎక్కువ.

కొన్ని పడవలలో మానిఫోల్డు చివర వంపు గొట్టం ఒకటి ఉండి, చల్లబరచిన సముద్రపు నీరు అక్కడ పొగలో కలుస్తుంది. ఈ నీరు, పొగ కలిసి రబ్బరు గొట్టం ద్వారా పడవ ప్రక్క నుండి బయటకు పోతాయి. దీనిని తడి పొగ పద్ధతి అంటారు. ఈ పద్ధతిలో మానిఫోల్డు కంటె వంపు గొట్టమే ముందుగా తినబడుతుంది. కాబట్టి రెండింటినీ కలిపి పరిశీలించాలి.

పాడగుటకు కారణములు

ఉప్పు: సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. ఇందులోని క్లోరైడు ఇనుమును త్వరగా తుప్పు పట్టిస్తుంది. పోత ఇనుములో మరొక విచిత్రమైన మార్పు కూడా జరుగుతుంది. ఉప్పునీరు ఇనుమును కరిగించి తీసుకొనిపోగా, అందులోని గ్రాఫైటు అదే ఆకారంలో మిగిలిపోతుంది. పైకి చూచుటకు గోడ మందం తగ్గినట్లు కనబడదు. కాని చాకుతో గీస్తే పెన్సిలు ముల్లులా మెత్తగా గీతపడుతుంది. ఇటువంటి గోడకు బలం ఉండదు.

గార: నీరు వేడెక్కినప్పుడు అందులోని కాల్షియం లవణాలు గోడలకు గారవలె పేరుకొంటాయి. సముద్రపు నీటితో నేరుగా చల్లబడే ఇంజనులను తక్కువ ఉష్ణోగ్రతలో నడిపేటట్లు తయారుచేయడానికి ఇది ఒక కారణం. గార వలన నీటి మార్గం సన్నబడి, మానిఫోల్డులో కొన్ని చోట్ల వేడి అధికమై పగుళ్ళు ఏర్పడతాయి.

ఒండ్రు: నిజాంపట్నం రేవు సముద్రపు కయ్యలో ఉన్నది. ఇక్కడ పూడిక పాత సమస్య. లోతు తక్కువగా ఉన్న వేళ మొగ దాటేటప్పుడు పంపు బురదనీటిని తోడుతుంది. ఆ ఒండ్రు మానిఫోల్డు అడుగున, మూలలలో పేరుకొంటుంది. కృష్ణకు వరదలు వచ్చే నెలలలో తీరపు నీటిలో ఉప్పు తగ్గినా ఒండ్రు పెరుగుతుంది.

వేడి, చలువల మార్పు: బరువుగా వల లాగిన వెంటనే ఇంజనును ఆపివేస్తే, నీటి ప్రవాహం ఆగి మానిఫోల్డులోని వేడి ఒక్కసారిగా లోహానికి, నిలిచిన నీటికి చేరుతుంది. ఇటువంటి అలవాటు వలన పగుళ్ళు వస్తాయి.

ఆమ్లం: డీజిల్‌లోని గంధకం మండి, తేమతో కలిసి ఆమ్లంగా మారుతుంది. 2020 ఏప్రిల్ నుండి దేశంలో అమ్మే వాహనపు డీజిల్‌లో గంధకం 10 పీపీఎంకు పరిమితం చేయబడినందున ఈ కారణం బలహీనపడినది. ఉప్పు కారణం మాత్రం అలాగే ఉన్నది.

సాగర్ లాంచీలో క్లోరైడు చాలా తక్కువ, ఒండ్రు కూడా తక్కువ. కాబట్టి అక్కడ ఇదే భాగం ఎన్నో ఏండ్లు మన్నుతుంది. సముద్రపు నీటితో నేరుగా చల్లబడే మానిఫోల్డులను అయిదు నుండి ఏడేండ్లలో మార్చవలసి రావచ్చునని సాధారణంగా లెక్కవేస్తారు. వాడకం, నిర్వహణలను బట్టి ఇది తగ్గవచ్చు, పెరగవచ్చు.

పాడైన గుర్తులు

* హెడ్డుకు, మానిఫోల్డుకు మధ్య నల్లని మసి చారలు కనబడడం. ఇది గాస్కెటు నుండి పొగ కారుతున్నదని తెలుపుతుంది.
* చల్లని ఇంజను మొదలుపెట్టినప్పుడు టిక్కు టిక్కుమనే శబ్దం వచ్చి, వేడెక్కిన తరువాత తగ్గడం. తెగిన స్టడ్డు లేదా పగులు ఇందుకు కారణం కావచ్చు.
* అతుకుల వద్ద ఎర్రని తుప్పు ధారలు, తెల్లని ఉప్పు పొడి కనబడడం.
* పడవ ప్రక్క నుండి పడే నీటిధార పూర్వం కంటె సన్నబడడం.
* ఇంజను వేడెక్కిన తరువాత కూడా తెల్లని ఆవిరి ఆగకుండా రావడం.
* మంచినీటి ట్యాంకులో నీరు తరచుగా తగ్గుతూ, బయట ఎక్కడా కారుడు కనబడకపోవడం.
* ఇంజను ఆయిలు మజ్జిగవలె తెల్లబడడం.
* రాత్రి నిలిపిన ఇంజను ఉదయం తిరగక బిగుసుకొని ఉండడం. ఇది అన్నింటికంటె ప్రమాదకరమైన గుర్తు.

ప్రమాదములు

మానిఫోల్డు లోపలి గోడకు రంధ్రం పడితే, ఇంజను ఆగిన తరువాత నీరు పొగ గదిలోనికి కారుతుంది. అక్కడి నుండి తెరచి ఉన్న ఎగ్జాస్ట్ వాల్వు గుండా సిలిండరులోనికి చేరుతుంది. నీరు గాలివలె కుదించుకొనదు. ఆ స్థితిలో స్టార్టరు త్రిప్పితే పిస్టను నీటిని నొక్కలేక కనెక్టింగు రాడ్డు వంగిపోతుంది. కొన్ని వేల రూపాయల భాగాన్ని మార్చకపోవడం వలన మొత్తం ఇంజను విప్పవలసి వస్తుంది.

రెండవది నిప్పు. పొడి మానిఫోల్డు మీద డీజిల్ గొట్టం నుండి సన్నని జల్లు పడినా అంటుకొనవచ్చు. మూడవది కార్బన్ మోనాక్సైడు. దీనికి రంగు, వాసన ఉండవు. ఇది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటె 200 రెట్లకు పైగా బలంగా పట్టుకొంటుంది. పెట్రోలు ఇంజను కంటె డీజిల్ ఇంజనులో ఇది తక్కువే అయినా, ఇంజను గదికి ఆనుకొని ఉన్న మూసిన గదిలో కళాసీలు నిద్రించేటప్పుడు పొగ కారుతూ ఉంటే ప్రాణాపాయం కలుగవచ్చు. తలనొప్పి, వికారం, మగత ఒకేసారి పలువురికి కలిగితే సముద్రపు వాంతులని సరిపెట్టుకొనక, వెంటనే అందరినీ డెక్కు మీదికి తీసుకొనిరావాలి.

నాల్గవది సముద్రంలో నిలిచిపోవడం. ఆంధ్రప్రదేశ్‌లో తీరానికి 8 కి.మీ. లోపలి నీరు సంప్రదాయ పడవలకు కేటాయించబడినది. మరపడవలు ఆ హద్దు దాటిన తరువాతనే వేట చేయాలి. కాబట్టి వేటలో ఉండగా ఇంజను ఆగిపోతే ఒడ్డు ఎప్పుడూ దూరంగానే ఉంటుంది. ఈ తీరం తుఫానులకు గురి అయ్యే తీరం. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన ఇక్కడివారికి మరపురానిది. తుఫాను హెచ్చరిక విని రేవుకు తిరిగి వచ్చే పడవకు ఇంజనే ఆధారం.

నిర్వహణ

ప్రతిదినము: ఇంజను మొదలుపెట్టిన వెంటనే పడవ ప్రక్క నుండి నీరు పడుతున్నదో లేదో సరంగు చూడాలి. సముద్రపు నీటి జల్లెడలోని నాచు, ప్లాస్టిక్ ముక్కలు తీసివేయాలి. ఇంజనును ఆపే ముందు అయిదు నిమిషాలపాటు బరువు లేకుండా నెమ్మదిగా నడిపితే మానిఫోల్డు చల్లబడుతుంది.

ప్రతి వేట తరువాత: వీలున్నచోట నీటి మార్గాన్ని మంచినీటితో కడగాలి. పంపు పీల్చే గొట్టాన్ని డ్రమ్ములోని మంచినీటిలో ఉంచి, నీరు అయిపోయే ముందే ఇంజనును ఆపివేయాలి. తీరగ్రామాలలో మంచినీటి విలువ అందరికీ తెలిసినదే. ప్రతిసారి సాధ్యం కాకపోయినా, పడవ చాలా రోజులు నిలిపి ఉంచే ముందు తప్పక చేయాలి.

ప్రతి నెల: నట్ల బిగింపు, పొగ కారుడు, రబ్బరు గొట్టాలు, క్లిప్పులు చూడాలి. జింకు ముక్కలు ఉన్న ఇంజనులో వాటిని విప్పి చూచి, సగానికి పైగా తరిగితే మార్చాలి. జింకు తాను కరిగి ఇతర లోహాలను కాపాడుతుంది. కాబట్టి జింకు తరగడం మంచి గుర్తే. ఎన్నాళ్ళయినా తరగకపోతే దానికి, ఇంజనుకు మధ్య విద్యుత్ సంబంధం లేదని అర్థం. నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లరు రెక్క విరిగి ఉంటే, ఆ ముక్క నీటి మార్గంలో ఎక్కడో ఇరుక్కొని ఉంటుంది. దానిని వెదకి తీయకుండా క్రొత్త ఇంపెల్లరు వేయరాదు.

పొడి మానిఫోల్డు కప్పు: వేడి తగలకుండా చుట్టే తాడు ఊడిపోయినచోట వెంటనే చుట్టాలి. పాత పడవలలో ఆస్బెస్టాస్ తాడు ఉండవచ్చు. దాని పొడి ఊపిరితిత్తులకు హానికరం. దానిని పొడిగా లాగి తీయరాదు. బాగా తడిపి, ముక్కుకు తగిన మాస్కు ధరించి తీసి, సంచిలో మూసివేయాలి. క్రొత్తగా గ్లాసు ఫైబరు తాడు వాడుట మేలు. డీజిల్ లేదా ఆయిలు పీల్చిన కప్పును మార్చివేయాలి, అది ఒత్తివలె మండుతుంది.

వేట నిషేధ కాలంలో పనులు

తూర్పు తీరంలో ప్రతి ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలకు, మోటారు పడవలకు చేపల వేట నిషేధం ఉంటుంది. 2015కు పూర్వం ఈ కాలం ఇంతకంటె తక్కువగా ఉండేది. చేపలు గ్రుడ్లు పెట్టే కాలం కనుక ఈ విరామం విధించారు. పడవలకు రంగులు వేయుట, ఇంజను పనులు చేయుట ఈ రోజులలోనే జరుగుతాయి. మానిఫోల్డును విప్పి చూచుటకు కూడా ఇదే తగిన కాలం. నిషేధం మొదలయిన వారంలోనే విప్పితే, క్రొత్త భాగం తెప్పించుకొనుటకు గాని, లేతు పని చేయించుకొనుటకు గాని వ్యవధి ఉంటుంది. జూన్ మొదటి వారం వరకు ఆగినవారికి ఆ వ్యవధి ఉండదు.

నిలువు పొగగొట్టం ఉన్న పడవలలో గొట్టం మూతికి తప్పక డబ్బా బోర్లించాలి. ఈ రెండు నెలలలో పడే వేసవి జల్లులు, తొలకరి వానలు గొట్టంలో పడి మానిఫోల్డులోనికి, అక్కడి నుండి సిలిండరులోనికి చేరతాయి. నిషేధం ముగిసిన రోజున ఇంజనును స్టార్టరుతో ఒక్కసారిగా త్రిప్పరాదు. ముందుగా చేతితో రెండు పూర్తి చుట్లు నెమ్మదిగా త్రిప్పి చూడాలి. ఎక్కడైనా బిగుసుకొంటే బలవంతం చేయక, ఇంజెక్టర్లు విప్పి నీరు ఉన్నదేమో చూడాలి. నీరు వచ్చినట్లయితే దానిని వెళ్ళగొట్టి, ఆయిలు మార్చి, కారణం కనుగొన్న తరువాతనే ఇంజను నడపాలి.

పరీక్షలు

విప్పిన మానిఫోల్డును మసి, గార గీకి శుభ్రపరచి క్రింది పరీక్షలు చేస్తారు.

1. కంటి పరీక్ష: పగుళ్ళు, తినబడిన అంచులు చూడాలి. నీటి గది గోడను చిన్న సుత్తితో తట్టితే మంచి లోహం గణగణమంటుంది, పగిలినది బొంగురుగా పలుకుతుంది. మెత్తబడినదేమో చాకు మొనతో గీచి చూడాలి.
2. కిరసనాయిలు పరీక్ష: నీటి రంధ్రాలు మూసి, నీటి గదిని కిరసనాయిలుతో నింపి ఒక రాత్రి ఉంచాలి. ఉదయానికి పొగ గదిలో తడి కనబడితే గోడకు రంధ్రం ఉన్నట్లు.
3. గాలి పరీక్ష: నీటి రంధ్రాలను రబ్బరు, ఇనుప పలకలతో మూసి, సుమారు ఒక బారు పీడనంతో గాలి ఎక్కించి నీటితొట్టిలో ముంచాలి. బుడగలు వచ్చినచోట లోపం ఉన్నది. అధిక పీడనం వాడరాదు, పలక ఊడి మనిషికి తగలవచ్చు.
4. సమతల పరీక్ష: హెడ్డుకు ఆనే ముఖం మీద తిన్నని ఉక్కు బద్ద ఉంచి, ఫీలరు గేజితో సందు కొలవాలి. తయారీదారు పుస్తకంలో ఇచ్చిన హద్దు దాటితే లేతు పనివారి వద్ద ముఖం చదును చేయించాలి.

గారను తొలగించుటకు కొందరు ఆమ్లం వాడతారు. ఇనుమును తినకుండా నిరోధించే రసాయనం కలిపిన పలుచని ఆమ్లాన్ని మాత్రమే వాడి, తరువాత సోడా నీటితో కడగాలి. అల్యూమినియం భాగాలకు ఆమ్లం తగలనీయరాదు. ఇప్పటికే పలుచబడిన గోడను గార ఒక్కటే పట్టి ఉంచి ఉండవచ్చు. ఆమ్లం వేసిన తరువాత రంధ్రం బయటపడితే అది ఆమ్లం వలన వచ్చిన లోపం కాదు, అంతకు ముందే ఉన్నది.

మార్చే విధానం

1. ఇంజను పూర్తిగా చల్లబడే వరకు ఆగాలి. సముద్రపు నీటి వాల్వు మూయాలి. బ్యాటరీ నెగెటివ్ తీగ తీయాలి. ఇంజనులోని నీటిని దింపివేయాలి.
2. నట్లకు ఒక రోజు ముందుగానే తుప్పు వదల్చే నూనె పెట్టి ఉంచాలి. తొందరపడి విప్పితే స్టడ్డు హెడ్డులోనే విరిగిపోతుంది.
3. పొగగొట్టం, నీటి గొట్టాలు, టర్బో ఉంటే దాని ఆయిలు గొట్టాలు గుర్తులు పెట్టి విప్పాలి. తెరచిన రంధ్రాలన్నింటినీ శుభ్రమైన గుడ్డతో మూయాలి. ఎన్ని గుడ్డలు పెట్టినది లెక్క ఉంచుకొనాలి.
4. మానిఫోల్డు బరువును తాడుతో గాని, చైను కప్పీతో గాని మోయించి, నట్లను చివరల నుండి మధ్యకు వదులు చేయాలి. ఊగే పడవలో ఒంటరిగా ఈ పని చేయరాదు.
5. పాత గాస్కెటును మొద్దు గీకుడు బిళ్ళతో తీయాలి. హెడ్డు ముఖం మీద గీతలు పడరాదు.
6. విరిగిన స్టడ్డు పైకి కనబడుతూ ఉంటే దానిపై నట్టు వెల్డు చేసి త్రిప్పవచ్చు. లోపల విరిగితే సరిగా మధ్యలో రంధ్రం వేసి తీయాలి. ఇంజను గదిలో వెల్డింగు చేయవలసి వస్తే డీజిల్ ఆవిరి లేకుండా గాలి ఆడించి, అడుగున చేరిన నూనెను తుడిచి, నిప్పు ఆర్పే సాధనాన్ని చేతికి అందేటట్లు ఉంచాలి.
7. స్టడ్డులు సన్నబడి ఉంటే అన్నింటినీ మార్చాలి. మరల కరచుకొనకుండా రాగి గ్రీజు రాయాలి.
8. గాస్కెట్లు ఎప్పుడూ క్రొత్తవే వాడాలి. నీటి రంధ్రం, పొగ రంధ్రం తారుమారు కాకుండా గాస్కెటును ముందుగా రెండు ముఖాల మీద ఉంచి సరిచూడాలి.
9. నట్లన్నింటినీ ముందుగా చేతితో, తరువాత మధ్య నుండి చివరలకు రెండు మూడు దఫాలుగా, పుస్తకంలో చెప్పిన కొలతకు టార్కు స్పానరుతో బిగించాలి. చివరలను ముందు బిగిస్తే మధ్యభాగం ఆనక పొగ కారుతుంది.
10. గొట్టాలు కలిపి, నీరు నింపి, గాలి బుడగలు పోయే వరకు చూడాలి. మూసిన గుడ్డలన్నీ తీసినట్లు లెక్క సరిచూచుకొని, సముద్రపు నీటి వాల్వు తెరచిన తరువాతనే ఇంజను మొదలుపెట్టాలి.
11. అరగంట నడిపి, పొగ, నీరు కారడం లేదని నిశ్చయించుకొనాలి. పుస్తకం వద్దని చెప్పనిచో, చల్లబడిన తరువాత నట్లను మరల ఒకసారి అదే కొలతకు సరిచూడాలి.

అతుకు వేయుటయా, మార్చుటయా

పోత ఇనుమును వెల్డు చేయుట కష్టమైన పని. భాగాన్ని ముందుగా సమంగా వేడిచేసి, నికెలు కడ్డీతో కొద్దికొద్దిగా అతికి, ఇసుకలో గాని సున్నంలో గాని కప్పి నెమ్మదిగా చల్లార్చాలి. లేనిచో అతుకు ప్రక్కనే క్రొత్త పగులు వస్తుంది. పొడి మానిఫోల్డు పగులుకు ఈ పని కొంతకాలం పనికివస్తుంది. ఉప్పునీటి గది గోడ తినబడిపోయిన మానిఫోల్డుకు అతుకు నమ్మదగినది కాదు. ఒకచోట రంధ్రం పడినదంటే మిగిలిన గోడ కూడా అంతే పలుచబడి ఉంటుంది. అది కంటికి కనబడదు. అతుకు వేసిన భాగాన్ని కూడా పైన చెప్పిన గాలి పరీక్ష చేసిన తరువాతనే బిగించాలి.

క్రొత్త భాగం కొనేటప్పుడు ఇంజను మోడలు, వరుస సంఖ్య చూపించి తీసుకొనాలి. లారీ ఇంజను మానిఫోల్డు రంధ్రాలు పడవ ఇంజనుకు సరిపోయినా అందులో నీటి గది ఉండదు. దానిని బిగిస్తే ఇంజను నడుస్తుంది గాని, ఇంజను గదిలో వేడి పెరుగుతుంది. నీటి గది ఉన్న పాత మానిఫోల్డు స్థానంలో పొడి మానిఫోల్డు బిగించినవారు కప్పు, గాలి మార్గం, పొగగొట్టం అన్నీ మార్చవలసి ఉంటుంది. పాత మానిఫోల్డు కొన్న తేదీ, బిగించిన తేదీ, నడిచిన గంటలు ఒక పుస్తకంలో వ్రాసి ఉంచితే తరువాతి మార్పు ఎప్పుడో ముందుగానే అంచనా వేయవచ్చు.

శిక్షణ

పడవ ఇంజను పని ఈ తీరంలో ఎక్కువగా గురువు వద్ద శిష్యుడు నేర్చుకొనే పద్ధతిలో సాగుతున్నది. వ్యవసాయపు ఇంజనులు, ట్రాక్టర్లు బాగుచేసిన అనుభవంతో ఈ పనిలోనికి వచ్చినవారికి ఉప్పునీటి గుణం క్రొత్త విషయం అవుతుంది. క్రమబద్ధమైన శిక్షణ కొరకు కేంద్ర మత్స్య నౌకా మరియు ఇంజనీరింగు శిక్షణ సంస్థ ఉన్నది. ఇది 1963లో కొచ్చిలో స్థాపించబడినది. దీని విశాఖపట్నం శాఖ 1981లో ప్రారంభమైనది. ఈ సంస్థ మెరైన్ ఫిట్టరు, నౌకా నావిగేటరు కోర్సులను నిర్వహిస్తుంది. కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక శిక్షణ సంస్థ ఉన్నది.

ఇవి కూడా చూడండి

* డీజిల్ ఇంజను
* నిజాంపట్నం
* వాడరేవు
* తుప్పు
* కార్బన్ మోనాక్సైడు